ముందు పిల్లలు గీయాలి, ఆ తర్వాతే గూగుల్ ఎర్త్ తెరవాలి

ప్రశ్న: "కొత్తగా డీఎస్సీలో వచ్చి కంభం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. నేనూ, హెచ్‌ఎం గారూ ఇద్దరమే టీచర్లం. 4, 5 తరగతులకి దిక్కులు, పటాలు, మన జిల్లా, మన రాష్ట్రం చెప్పాలి. బడిలో స్మార్ట్ టీవీ ఉంది, నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే. గూగుల్ ఎర్త్, భువన్ లాంటి శాటిలైట్ పటాలు వాడితే నిజంగా ఉపయోగమా? ఎక్కడ మొదలుపెట్టాలి? గోడ పటం ఉండగా ఇదంతా టైం వేస్టు అంటున్నారు మా హెచ్‌ఎం గారు."

వాడండి మేడం, తప్పకుండా వాడండి. కాకపోతే మొదటి రోజే టీవీ ఆన్ చేయకండి. నేను ఎస్జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) మొదలై సోషల్ స్కూల్ అసిస్టెంటుగా చాలా ఏళ్లు చేశాను. మండల ట్రైనింగుల్లో రిసోర్స్ పర్సన్‌గా ఇదే విషయం మీద తోటి టీచర్లతో గంటలకొద్దీ వాదించాను. నేను చెప్పేది ఒక్కటే. పిల్లలు తమ ఊరి పటాన్ని ముందు తామే కాగితం మీద గీసుకోవాలి, తెర మీద ఊరిని ఆ తర్వాతే చూడాలి. ఈ వరస తిరగబడితే గూగుల్ ఎర్త్ కాసేపటి కాలక్షేపం అవుతుంది. వరస కుదిరిందా, గోడ పటం వల్ల ఎప్పటికీ కాని పని దానితో అవుతుంది.

ముందే శాటిలైట్ బొమ్మ చూపిస్తే పిల్లాడు ఊరికే ఒప్పేసుకుంటాడు. "అదిగో మన బడి" అంటే "అవును టీచర్" అంటాడు, అక్కడితో సరి. వాడి బుర్రలో ఉన్న ఊరు వేరు. అందులో బడి అన్నిటికన్నా పెద్దది, ఇంటి నుంచి బడికి వచ్చే దారి ఒకే తిన్నని గీత. కుక్కలు వెంటపడే మామిడితోపు చాలా పెద్దది, చెరువు ఓ మూల చిన్న సున్నా. ఆ ఊరు కాగితం మీదికి వచ్చాక, దాని పక్కన శాటిలైట్ బొమ్మ పెట్టినప్పుడు గొడవ మొదలవుతుంది. "రామాలయం బడికి ఇటు కదా ఉండాలి, అటెందుకుంది?" "తప్పు నీది కాదు, టీవీది" అని ఒకడు, "కాదు నువ్వే తిరగేసి గీశావు" అని ఇంకొకడు. మీరు రాబట్టాల్సింది ఆ గొడవనే.

గీయించే ముందు ఇంకో చిన్న పనుంది. పైనుంచి చూడటం అనేది పిల్లలకి దానంతటదే రాదు. టేబుల్ మీద డస్టరు, చాక్‌పీసుల డబ్బా, నీళ్ల సీసా, స్టీలు గ్లాసు పెట్టి, పైనుంచి చూస్తే ఎలా ఉంటాయో గీయమనండి. మూడో తరగతి వాళ్లలో చాలామంది సీసాని మూతతో, లేబుల్‌తో సహా పక్కనుంచి చూసినట్టే గీస్తారు. ఒక్కొక్కరినీ బెంచీ ఎక్కించి వంగి చూడనివ్వండి. సీసా ఒక సున్నా, గ్లాసు ఇంకో సున్నా, డబ్బా, డస్టరు రెండూ నలుచదరాలు. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "మరి ఏ సున్నా ఏదో ఎట్లా తెలుస్తుంది టీచర్?" అని. గుర్తుల పట్టిక ఎందుకో చెప్పాల్సిన అవసరం మీకిక ఉండదు, వాళ్లే అడిగి పెట్టించుకుంటారు. ఇల్లు పైనుంచి చూస్తే తలుపు, కిటికీ కనిపించవని, కప్పు మాత్రమే కనిపిస్తుందని కూడా ఈ ఆటలోనే తెలుస్తుంది. ఇది తెలియని పిల్లాడికి శాటిలైట్ బొమ్మలో ఇల్లు అంటే బూడిద రంగు పెంకు ముక్క, అంతే.

దిక్కులు మన పిల్లలకి సగం ఇంట్లోనే వచ్చి ఉంటాయి. తూర్పు బజారు, పడమటి చేను, ఉత్తరం వాకిలి అనే మాటలు వింటూనే పెరుగుతారు. పొద్దున ఎండకి ఎదురుగా నిలబెట్టి చేతులు చాపించడం మంచిదే కానీ, సూర్యుడు కచ్చితంగా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 దరిదాపుల్లోనే. డిసెంబరులో ఆగ్నేయం వైపుకి, జూన్‌లో ఈశాన్యం వైపుకి జరుగుతాడు. మన దగ్గర ఆ చివర ఈ చివర సుమారు 24 డిగ్రీల చొప్పున తేడా వస్తుంది. డిసెంబరులో ఎండని చూసి తూర్పు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత శాటిలైట్ బొమ్మతో పోల్చితే బడి గోడలే వంకరగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఫోన్ దిక్సూచి తెరిచి, ఇనప బెంచీలకి, గేటుకి దూరంగా నిలబడి, ఫోన్‌ని గాలిలో ఇంగ్లీషు ఎనిమిది అంకెలాగా రెండు మూడుసార్లు తిప్పి చూసుకోండి. తర్వాత వరండా నేల మీద నాలుగు దిక్కులూ పెయింటుతో శాశ్వతంగా వేయించేయండి. ఆ బాణాలు తర్వాత చెప్పే పాఠాలన్నిటికీ పనికొస్తాయి.

ఇక ఊరి పటం. ఇంటికి పంపి గీసుకు రమ్మనకండి, అన్నయ్యలు గీసిస్తారు. బడి ముందు నిలబెట్టి, ఒక బృందాన్ని చెరువు వైపు, ఇంకో బృందాన్ని రోడ్డు వైపు తీసుకెళ్లి, తిరిగొచ్చాక గీయించండి. ఇళ్ల కన్నా అందరివీ అయిన గుర్తులు పెట్టమనండి. నీళ్ల ట్యాంకు, సచివాలయం, అంగన్‌వాడీ, రేషన్ షాపు, బస్ స్టాపు, బోరింగు, పెద్ద వేపచెట్టు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది, కొత్తవాళ్లకి ఎవరూ ముందుగా చెప్పరు. మన ఊళ్లలో బజార్లకీ వాడలకీ కులాల పేర్లుంటాయి. పిల్లలు పటంలో అవే రాసుకొస్తారు, వాళ్ల తప్పేమీ లేదు, ఇంట్లో అలాగే అంటారు. మీరు పేరు చదివి బోర్డు మీద రాసిన క్షణాన ఒక బెంచీలో తలలు దించుకుంటాయి. "వాటర్ ట్యాంకు బజారు", "చెరువు కట్ట కాలనీ" అని గుర్తులతోనే పేర్లు పెట్టించండి. ఒక వైపు పిల్లలు రెండో వైపుని కాగితంలో అసలు గీయకపోవడం కూడా చూస్తారు. అప్పుడు ఏమీ అనకండి. ఈసారి నడక అటువైపు పెట్టండి, వచ్చే పటంలో ఆ వైపు దానంతటదే చేరుతుంది.

ఇప్పుడు తెర తీయొచ్చు. కానీ ఆ రోజు పాఠం చెబుదామని అనుకోకండి. ఎర్త్ తెరిచి గ్లోబు నుంచి ఊరికి దూకించారంటే పీరియడ్ మొత్తం "మా ఇల్లు, మా ఇల్లు" అనే కేకలతోనే పోతుంది. పోనివ్వండి. ఆ ముచ్చట ఒకసారి తీరాలి. ఆ కేకల మధ్యలో రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, అవి పట్టుకోండి చాలు. ఒకటి: "ఇప్పుడు బయటికెళ్లి చెయ్యి ఊపితే టీవీలో కనిపిస్తామా?" రెండోది: "మా కొత్త ఇల్లు ఎందుకు లేదు?" రెండిటికీ జవాబు ఒకటే, ఇది ఎప్పుడో తీసిన ఫోటో. ల్యాప్‌టాప్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకుంటే (2015 నుంచి ఉచితమే) కింద అంచున ఆ బొమ్మ తీసిన తేదీ కనిపిస్తుంది. అందులోనే గడియారం గుర్తు నొక్కితే పాత సంవత్సరాల బొమ్మలు వరసగా వస్తాయి. ఇప్పుడు వెబ్‌లో వాడే ఎర్త్‌లో కూడా ఆ సౌకర్యం ఇచ్చారు. "మీ ఇల్లు ఏ బొమ్మలో లేదు, ఏ బొమ్మలో వచ్చింది?" అని అడగండి. కాలం అనేది పటంలో ఎక్కడుంటుందో వాళ్లకి అర్థమయ్యే తోవ ఇంతకన్నా తేలికైనది నాకు దొరకలేదు.

అసలు పాఠం మీ చెరువు. చెరువుని పైనుంచి చూసినప్పుడు ఒక అంచు తీర్చి గీసినట్టు ఉంటుంది, మిగతా అంచంతా చిందరవందరగా, వేళ్లు చాపినట్టు ఉంటుంది. తీర్చినట్టున్న అంచు కట్ట. చిందరవందరగా ఉన్నది నీళ్లు మెరక వైపు పాకిన హద్దు. కట్టకి అవతల, తూము దిగువన, పచ్చటి మడులుంటాయి. అదే ఆయకట్టు. ఈ మూడూ చూపించి ఐదో తరగతి వాళ్లని అడగండి, "ఈ బొమ్మ బల్లపరుపుగా ఉంది కదా, మరి ఇందులో పల్లం ఎటు?" అని. ముందు తెల్లమొహం వేస్తారు. "వాన నీళ్లు ఎటునుంచి వచ్చి కట్టకి ఆగాయి?" అంటే ఒక్కసారిగా చేతులు లేస్తాయి. చదునైన బొమ్మలోంచి నేల వాలు చదవడం, హైస్కూల్లో కాంటూరు గీతలతో (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలతో) మేము నానా తంటాలూ పడి చెప్పేది, వీళ్లు చెరువు కట్టతో చదివేస్తారు. తర్వాత అలుగు ఎక్కడో వెతకమనండి. నీళ్లు పొర్లిన చోట వాగు మొదలవుతుంది కాబట్టి దొరుకుతుంది. ఆ తర్వాత పాత బొమ్మల్లో ఎండాకాలానిది ఒకటి, అక్టోబరు, నవంబరు నెలలది ఒకటి పక్కపక్కన పెట్టండి. చెరువు కట్ట కదలదు, రెండో అంచు మాత్రం ఎంతో వెనక్కి పోతుంది. రుతుపవనాల పాఠం పుస్తకంలో ఎప్పుడొచ్చినా మీరు ఈ బొమ్మలే మళ్లీ తీసి పెట్టొచ్చు.

మీకు కంభం చెరువు పక్కనే ఉండటం అదృష్టం మేడం. మామూలు ఊరి చెరువుకి కట్ట పొడుగ్గా ఉంటుంది, ఇక్కడ మాత్రం కొండల మధ్య సందులో కట్ట వేసి గుండ్లకమ్మ ఏటిని ఆపారు. అంత నీటికి అంత చిన్న కట్ట ఎలా సరిపోయిందో పిల్లల్నే చెప్పమనండి. ఎర్త్‌లో తెరని వాల్చి పక్కనుంచి చూపిస్తే కొండలు లేచి కనిపిస్తాయి. అప్పుడు చెప్పగలరు. చూపించే ముందే ఊహించమనాలి సుమా.

అక్కణ్ణుంచి గుండ్లకమ్మని పట్టుకుని సముద్రం దాకా పోండి. గోదావరి, కృష్ణ పెద్ద నదులు, పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. త్ర్యంబకేశ్వర్ నుంచి అంతర్వేది దాకా 1,465 కిలోమీటర్లు తెర మీద జరుపుకుంటూ పోతే నాలుగో తరగతి పిల్లాడు మధ్యలోనే ఆవులిస్తాడు. గుండ్లకమ్మ మీది. నల్లమలలో పుట్టి, కంభం చెరువులో ఆగి, మార్కాపురం మీదుగా ఈశాన్యంగా వినుకొండ వైపు వెళ్లి, అక్కడ మలుపు తిరిగి ఆగ్నేయంగా అద్దంకి మీదుగా దిగి, మద్దిపాడు దగ్గర రిజర్వాయరులో మళ్లీ ఆగి, ఒంగోలుకి తూర్పున బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒక పీరియడ్‌లో అయిపోతుంది. దారిలో పిల్లల చుట్టాలుండే ఊళ్లే చాలా తగులుతాయి. "ఇది మా అమ్మమ్మ వాళ్ల ఊరు" అన్న ప్రతిచోటా ఆగండి. ఏరు ఇక్కడ వెడల్పుగా ఉందా, సన్నగా ఉందా? నీళ్లా, ఇసుకా? గట్టు పక్క పొలాలు ఏ రంగులో ఉన్నాయి? వంతెన ఉందా?

ఈ ఏటితో ఇంకో లాభం కూడా ఉంది. పటంలో ఉత్తరం పైన ఉంటుందని చెప్పీ చెప్పీ పిల్లలకి ఉత్తరమంటే మెరక అనే భావం పాతుకుపోతుంది. కంభం నుంచి ఏరు తెర మీద పైకి పోతుంటే చూసి "నీళ్లు పైకెట్లా పారతాయి?" అని అడగాలి. అడగకపోతే మీరే అడగండి. పెన్న కూడా అంతే, కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి ముందు ఉత్తరానికే వస్తుంది. ఈ చిక్కు విడదీయాలంటే బొమ్మని గోడ మీంచి నేల మీదికి దించాలి. నేను ట్రైనింగుల్లో అందరికీ చెప్పే పని ఇది: మీ ఊరి శాటిలైట్ బొమ్మని ఎర్త్ ప్రోలో పెద్ద సైజులో సేవ్ చేసి, ఫ్లెక్సీ షాపులో ఆరడుగుల పొడుగున ప్రింటు వేయించండి. పుట్టినరోజు బ్యానర్‌కి అయ్యే ఖర్చే. బట్ట మీద వేసేవాళ్లు ఉంటే ఇంకా మంచిది, మడతపెట్టి బీరువాలో పెట్టుకోవచ్చు. బొమ్మ మూలన ఉండే గూగుల్ పేరు, తేదీ మాత్రం చెరపకండి. దాన్ని వరండాలో పెయింటు బాణాలకి సరిగ్గా, బొమ్మలో ఉత్తరం నిజం ఉత్తరం వైపు వచ్చేట్టు పరవండి. పిల్లలు చెప్పులు విడిచి దాని మీద నిలబడతారు. బొమ్మలో బడి మీద నిలబడిన పిల్ల బొమ్మలో చెరువు వైపు చెయ్యి చూపిస్తే, ఆ చెయ్యి నిజం చెరువు వైపే ఉంటుంది. పైన, కింద అనే మాటలు అక్కడ వాడనే వాడరు. టీవీ మీద ఎన్నిసార్లు చూపించినా ఇది రాదు. మీ ఇద్దరి బడిలో ఇంకో సౌలభ్యం, మీరు ఒకటి రెండు తరగతుల దగ్గర ఉన్నప్పుడు ఐదో తరగతి వాళ్లు దాని చుట్టూ కూర్చుని వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.

స్కేలు (పటంలో ఇంత గీత నేల మీద ఎంత దూరమో చెప్పే లెక్క) దగ్గర డిజిటల్ పటం కొంచెం మోసం చేస్తుంది. గోడ పటానికి ఒకటే స్కేలు. తెర మీద వేలు కదిపినప్పుడల్లా అది మారిపోతుంది, పిల్లలకి మారిందని కూడా తెలియదు. అందుకని ఒక బొమ్మ దగ్గర ఆపి, మూలన ఉన్న స్కేలు గీతకి సరిపడా కాగితం ముక్క కత్తిరించండి. ఆ ముక్కతో బడి నుంచి చెరువుకి తెర మీదే కొలవమనండి. తర్వాత జూమ్ మార్చి అదే ముక్కతో మళ్లీ కొలిపించండి. జవాబులు తేడా వస్తాయి. ఎందుకో వాళ్లే తేల్చుకోవాలి. దూరం కొలిచే సాధనం మ్యాప్స్‌లోనూ ఎర్త్‌లోనూ ఉంది, దాన్ని చివర్లో సరిచూసుకోవడానికి వాడండి. దానికి ముందు బడి ఆవరణ అంగలతోనో, తాడుతోనో కొలిచి ఉండాలి. వంద మీటర్లంటే కాళ్లకి తెలియని పిల్లకి కిలోమీటరు అంకె మాత్రమే.

ఊరు నుంచి దేశానికి వెళ్లేటప్పుడు జారుడు బండ మీద జారినట్టు వెళ్లొద్దు. ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, దేశం, గ్లోబు అని మెట్లుగా ఆగాలి. ప్రతి మెట్టు దగ్గరా బడి తెర మధ్యలోనే ఉండాలి, ఒకే ప్రశ్న అడగాలి: ఇప్పుడు ఏది మాయమైంది, కొత్తగా ఏది కనిపించింది? మొదటి మెట్టులో బోరింగు పోయింది, రోడ్డు ఉంది. ఇంకో మెట్టుకి రోడ్డు పోయింది, నల్లమల వచ్చింది. ఇంకో మెట్టుకి సముద్రం వచ్చింది. "మాది ఏ రాష్ట్రం" అంటే "ఒంగోలు" అని చెప్పే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండటం వాళ్లకి ఈ మెట్ల వల్లే పట్టుబడుతుంది. మెట్టుకో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే నెట్ లేని రోజున కూడా పనికొస్తాయి.

జిల్లా మెట్టు దగ్గర ఒకసారి పేర్లు, హద్దులు తీసేసి చూపించండి, ఆ మీట లేయర్లలో ఉంటుంది. "మన జిల్లా ఎక్కడ అయిపోయిందో చూపించు" అంటే చూపించలేరు, నేల మీద ఆ గీత లేదు కాబట్టి. గోడకి వేలాడే పటంలో ఎన్ని జిల్లాలున్నాయో లెక్కపెట్టించండి. 23 ఉంటే ఉమ్మడి రాష్ట్రం నాటిది, 13 ఉంటే విభజన తర్వాతది. 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి, హద్దులు ఆ తర్వాతా కదులుతూనే ఉన్నాయి. తెలంగాణలో 10 కాస్తా 2016 అక్టోబరులో 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. గుండ్లకమ్మ మాత్రం ఈ గీతలన్నీ మారుతున్నా దాని దారినే ఉంది. మనుషులు గీసిన గీతలేవో, నేల మీద ఉన్నవేవో పిల్లలు విడదీసి చెప్పగలిగితే ఐదో తరగతికి అది చాలా ఎక్కువ.

దేశం మెట్టు దగ్గర జాగ్రత్త. మన సరిహద్దులు ఒక్కో సైటులో ఒక్కో రకంగా ఉంటాయి. విదేశీ సైట్ల పటాల్లో జమ్మూకశ్మీర్ దగ్గర చుక్కల గీతలు కనిపిస్తాయి. ప్రింటు వేసి గోడకి పెట్టేది, ప్రశ్నపత్రంలో ఇచ్చేది సర్వే ఆఫ్ ఇండియా పటమే కావాలి. 1767 నుంచి ఉన్న సంస్థ అది, వాళ్ల వెబ్‌సైటులో పటాలు దొరుకుతాయి. దేశ సరిహద్దులు తప్పుగా ఉన్న పటం ప్రచురిస్తే శిక్ష పడే చట్టం కూడా ఉంది. బెదిరించడానికి చెప్పడం లేదు, వాట్సాప్ గ్రూపులో వచ్చిన బొమ్మని అలాగే ప్రింటుకి పంపకండని చెబుతున్నా.

గ్లోబు మెట్టుకి వచ్చినప్పుడు గ్రీన్‌లాండ్ ఆట ఆడించండి. దేశాల అసలు సైజు పోల్చి చూపే 'ట్రూ సైజ్' అనే సైటులో భారతదేశాన్ని వేలితో పట్టుకుని లాగి గ్రీన్‌లాండ్ మీద పెట్టొచ్చు. పాత పద్ధతి గోడ పటంలో మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దగా కనిపించే గ్రీన్‌లాండ్ నిజానికి 21.7 లక్షల చదరపు కిలోమీటర్లే, మనది 32.87 లక్షలు. 1569లో మెర్కేటర్ ఓడలు నడిపేవాళ్ల కోసం వేసిన పద్ధతిలో ధ్రువాల వైపు పోయేకొద్దీ భూములు సాగిపోతాయి. కారణం పిల్లలకి చెప్పక్కర్లేదు, బత్తాయి తొక్క బల్ల మీద పరిచి చూపించి వదిలేయండి. ఈ ఒక్క పనికి మాత్రం రెండు వందల రూపాయల ప్లాస్టిక్ గ్లోబే ఏ యాప్ కన్నా మేలు.

భువన్ గురించి అడిగారు. ఇస్రో 2009లో పెట్టింది, నడిపేది హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. నీటి వనరులు, భూమి వాడకం లాంటి పొరలు అందులో మీకు బాగా పనికొస్తాయి. పిల్లల చేతికి మాత్రం ఇవ్వలేం, మెనూలు ఎక్కువ, హాట్‌స్పాట్ మీద నెమ్మదిగా తెరుచుకుంటుంది. మీరు ఇంట్లో చూసి కావలసిన బొమ్మలు తీసి పెట్టుకోండి. శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఉపగ్రహాలు పంపే బొమ్మల్ని షాద్‌నగర్‌లో అందుకుంటారని చెప్పి, ఆ రెండు చోట్లూ ఎర్త్‌లో చూపిస్తే పిల్లల కళ్లు మెరుస్తాయి. వీధిలో నిలబడి చూసినట్టు చూపించే స్ట్రీట్ వ్యూ మన దేశంలోకి 2022 జులైలో హైదరాబాద్ సహా పది నగరాలతో వచ్చింది. చార్మినార్ చుట్టూ నడిపించడానికి బాగుంటుంది. మీ దగ్గరిదాకా వచ్చిందో లేదో మ్యాప్స్‌లో మూలన ఉండే పసుపు మనిషి బొమ్మని పట్టుకుని లాగి చూడండి, ఉన్నచోట్ల నీలం గీతలు వెలుగుతాయి.

నెట్ సంగతి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ పటం దించుకుంటే రోడ్లు, పేర్లు వస్తాయి, శాటిలైట్ బొమ్మ రాదు. ఇది తెలియక క్లాసులో తెల్లబోయిన టీచర్లు చాలామంది ఉన్నారు. ఎర్త్ ప్రోలో పొద్దున ప్రార్థనకి ముందే మీరు చూపించబోయే చోట్లన్నీ ఒకసారి తిరిగి రండి. చూసిన బొమ్మలు ల్యాప్‌టాప్‌లో కొంతకాలం నిలిచి ఉంటాయి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్ తెరని టీవీకి కాస్ట్ చేయండి, అదీ కుదరకపోతే స్క్రీన్‌షాట్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. రోడ్ల పటం వరకైతే ఆర్గానిక్ మ్యాప్స్ నెట్ లేకుండానే నడుస్తుంది. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పనిచేస్తుంది. అంటే వికీపీడియాలాగే ఎవరైనా చేర్చొచ్చు, దిద్దొచ్చు. మీ చుట్టుపక్కల గూడేలు, తండాలు, చిన్న వాగులు అందులో లేకపోతే మీరే చేర్చండి. తెలుగు పేర్లలో ల, ళ తారుమారైతే, డ బదులు ద పడితే దిద్దండి. ఐదో తరగతి వాళ్ల చేత పేర్ల జాబితా రాయించి, ఎక్కించే పని మీరు చేస్తే, తమ తండా పేరు పటంలోకి వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఒక్కటి మాత్రం చేయకండి. పిల్లల ఇళ్ల మీద వాళ్ల పేర్లతో పిన్నులు పెట్టి, ఆ పటం లింకుని గ్రూపుల్లో పంచకండి. ఏ పిల్ల ఏ ఇంట్లో ఉంటుందో బయటివాళ్లకి తెలియాల్సిన పని లేదు.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది అంటారేమో. వాళ్లు ఎప్పుడూ చూడని ఊరి బొమ్మ ఒకటి పేరు లేకుండా ఇవ్వండి. కట్ట ఏది, పల్లం ఎటు, కొత్తగా బడి కట్టాలంటే ఎక్కడ కడతావు, ఎందుకు అని అడగండి. "ఇక్కడొద్దు, అలుగు పారితే మునుగుతుంది" అని ఎవరైనా రాస్తే ఇంకే పరీక్షా పెట్టక్కర్లేదు. ప్రాజెక్టు మార్కులు దీనికే వేసుకోవచ్చు.

ఇక మీ హెచ్‌ఎం గారు. ఆయనతో వాదన పెట్టుకోకండి. గోడ పటం అవసరమే, ఆ మాటలో ఆయన తప్పేమీ లేదు. అందులో మీ ఊరు లేదు, అంతే తేడా. ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎర్త్ తెరిచి, "సార్, మీ పొలం ఎక్కడో చూపిస్తారా?" అని అడగండి. వెతుక్కుంటారు. దొరికాక చుట్టూ గీత గీస్తే విస్తీర్ణం ఎకరాల్లో చూపించే సాధనం కూడా ఉంది, అది ఆయనకే ఇవ్వండి. మర్నాటి నుంచి టీవీ రిమోట్ మీకు దొరకదు. గట్టు తగాదాలో మాత్రం ఆ కొలత చెల్లదని, సర్వేయరు రావాల్సిందేనని ముందే చెప్పి పెట్టండి.